అక్టోబర్‌లో ఒక స్కీ ట్రయల్ తెరవడం: 50 గంటల మంచు తయారీ లెక్క

అమెరికాలో స్కీ సీజన్ చాలా సంవత్సరాల్లో కొలరాడోలోని ఫ్రంట్ రేంజ్ కొండల మీదే మొదలవుతుంది. లవ్‌ల్యాండ్, అరపాహో బేసిన్, కీస్టోన్ అనే స్కీ రిసార్ట్‌లు ఎవరు ముందు తెరుస్తారా అని పోటీ పడుతుంటాయి. 2019లో అరపాహో బేసిన్ అక్టోబర్ 11న తెరిస్తే, కీస్టోన్ ఆ మర్నాడే తెరిచింది. ఆ నెలలో అక్కడ ఆకాశం నుంచి కూడా మంచు పడుతుంది. అయితే అది తేలికైన మంచు, ఎండకు రెండు రోజుల్లో పోతుంది. జనం స్కీ చేసే తొలి ట్రయల్ (కొండ మీద స్కీ చేస్తూ దిగే దారి) చాలావరకు స్నో గన్‌లతో, అంటే నీటిని సన్నని తుంపరగా చిమ్మి మంచుగా మార్చే యంత్రాలతో, తయారు చేసిందే.

అలాంటి తొలి ట్రయల్‌కు మొదటి నుంచి చివరి వరకు వేసిన లెక్క ఇది. ఏ ఒక్క రిసార్ట్ లాగ్‌బుక్కూ కాదు. కొలతలు, గన్‌ల సంఖ్య, రాత్రుల వరస ఆ ప్రాంతపు తీరుకు సరిపడేలా లెక్క కోసం ఎంచుకున్నవి. ఎవరి కొండకు వారు అంకెలు మార్చుకుని మళ్లీ వేసుకోవచ్చు. సీజన్ మొదట్లో అన్నిటికంటే కొరతగా ఉండే సరుకు చల్లని గంట. పంపు, పైపు, చెరువు, గన్, కుప్ప అన్నీ ఆ గంటను ఎంత బాగా వాడుకుంటున్నాయన్న దాన్నిబట్టే తేల్చుకోవాలి.

ట్రయల్, కావలసిన నీరు

ఉత్తరం వైపు వాలు, సగటున 15 డిగ్రీలు. అడుగున ఎత్తు 3,300 మీటర్లు. పొడవు 1,200 మీటర్లు, కాబట్టి పైకీ కిందికీ తేడా 310 మీటర్లు. వెడల్పు 30 మీటర్లు. తెరవడానికి సగటున 45 సెంటీమీటర్ల మందం కావాలి.

36,000 చదరపు మీటర్ల మీద 45 సెంటీమీటర్లంటే 16,200 ఘనపు మీటర్ల మంచు. గన్ మంచు ఘనపు మీటరుకు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. 450 అనుకుంటే నేల మీద నిలవాల్సిన నీరు 7,290 ఘనపు మీటర్లు. ఆవిరి కింద, గాలికి పక్క అడవిలోకి పోయేది 15 శాతం వేసుకుంటే పంపు తోడాల్సింది దాదాపు 8,600. లిఫ్ట్ ఎక్కేచోట, దిగేచోట కట్టే ర్యాంపులను కూడా కలిపి 9,000 అని రాసుకుందాం. గాలి ఎక్కువుండే కొండ మీద 15 శాతం చాలదు.

ఉత్తరపు వాలునే ఎందుకు ఎంచుకోవాలో కూడా లెక్కే చెబుతుంది. ఆ అక్షాంశంలో అక్టోబర్ నడుమ మధ్యాహ్నపు సూర్యుడు దిగంతానికి 42 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, డిసెంబర్ చివర్లో 27 డిగ్రీలే. 15 డిగ్రీల ఉత్తరపు వాలు మీద ఆ అక్టోబర్ ఎండ 27 డిగ్రీల కోణంలో పడుతుంది, అంతే దక్షిణపు వాలు మీద 57 డిగ్రీల కోణంలో. దక్షిణపు వాలుకు తగిలే ఎండలో ఉత్తరపు వాలుకు సుమారు సగమే తగులుతుంది. ఎంత గొప్ప గన్‌లు పెట్టినా ఈ తేడాను పూడ్చలేవు.

థర్మామీటర్ చెప్పని సంగతి

గన్ నుంచి వచ్చిన తుంపర నేలకు చేరేలోపు గడ్డకట్టాలంటే తన వేడిని వదిలించుకోవాలి. 8 డిగ్రీల నీరు కిలో సున్నాకు చల్లబడటానికి 34 కిలోజౌళ్లు, గడ్డకట్టడానికి 334 కిలోజౌళ్లు వదలాలి. కొంత వేడిని చుట్టూ ఉన్న చల్లగాలి లాగేస్తుంది. మిగతాది తుంపరలో కొద్ది భాగం ఆవిరవుతూ తీసుకుపోతుంది. నీటిలో 1 శాతం ఆవిరైనా కిలోకు 25 కిలోజౌళ్లు పోతాయి. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత తేలిక. ఈ రెండు పనులనూ కలిపి చెప్పే అంకె వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. సాధారణంగా అది మైనస్ 2.5కు దిగితేనే గన్ తిప్పుతారు.

3,300 మీటర్ల ఎత్తులో గాలి పీడనం దాదాపు 675 హెక్టోపాస్కల్స్, అంటే సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులు. పల్చటి గాలిలో ఆవిరయ్యే చల్లదనం మరింత పనిచేస్తుంది. గాలి ప్లస్ 2 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే సముద్రమట్టంలో వెట్ బల్బ్ మైనస్ 2.5 దగ్గర ఉంటుంది, ఈ ఎత్తులో మైనస్ 3.7. నీరు గడ్డకట్టని వేడిలోనే గన్ నడుస్తుందన్నమాట. అదే చోట గాలి మైనస్ 1, పొగమంచుతో తేమ 90 శాతం ఉంటే వెట్ బల్బ్ మైనస్ 1.7. చేతికి చలిగానే ఉంటుంది కానీ గన్ నుంచి వచ్చేది వాన. సముద్రమట్టం చార్టును గోడకు అంటించుకున్న పంప్ హౌస్, ఎత్తైన కొండ మీద ప్రతి పొడి రాత్రీ ఒకటి రెండు గంటలు ఆలస్యంగా మొదలుపెడుతుంది, పొద్దున అంతే ముందుగా ఆపేస్తుంది.

పరికరాలు

12 ఫ్యాన్ గన్‌లు (పెద్ద ఫ్యాన్‌తో తుంపరను విసిరే రకం), సగటున 100 మీటర్లకు ఒకటి. గన్‌కు నీరందించే హైడ్రెంట్‌లు మాత్రం 50 మీటర్లకు ఒకటి ఉండాలి. గాలి దిశ మారినప్పుడు గన్‌ను జరపడానికి చోటు లేకపోతే ఆ రాత్రి మంచు చెట్ల పాలవుతుంది.

ఒక్కో గన్ తీసుకునే నీరు వెట్ బల్బ్‌ను బట్టి మారుతుంది. ఈ లెక్కకు గంటకు ఇలా తీసుకున్నాం: మైనస్ 2.5 దగ్గర 4 ఘనపు మీటర్లు, మైనస్ 4 దగ్గర 8, మైనస్ 6.5 దగ్గర 14 నుంచి 15, మైనస్ 8.7 దగ్గర 18 నుంచి 19. అదే గన్, అదే కరెంటు, అదే మనిషి. పని మాత్రం నాలుగు రెట్లకు పైగా.

పై గన్ దగ్గర 20 బార్ పీడనం నిలవాలి. 310 మీటర్ల ఎత్తుకు దాదాపు 30 బార్, రాపిడికి మరికొంత. అన్నీ కలిపి పంప్ హౌస్‌లో 55 బార్. సెకనుకు 65 లీటర్లు ఆ పీడనంతో తోయాలంటే, పంపు సామర్థ్యం 75 శాతమైతే 477 కిలోవాట్‌లు కావాలి. పైపు లోపలి వ్యాసం 200 మిల్లీమీటర్లయితే నీటి వేగం సెకనుకు 2.1 మీటర్లు, బాగానే ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని 150 మిల్లీమీటర్ల పైపు వేస్తే వేగం 3.7 మీటర్లకు పోతుంది. రాపిడిలోనే పీడనం కరిగిపోయి, అందరికంటే ముందు పై గన్‌లు నీరసిస్తాయి. కింది హైడ్రెంట్‌ల దగ్గర సమస్య తిరగబడుతుంది. అక్కడ 50 బార్‌కు పైగా ఉంటుంది కాబట్టి గొట్టాలు, కప్లింగ్‌లు ఆ రేటింగ్‌వే అయి ఉండాలి. వాల్వ్‌ను ఒక్కసారిగా మూస్తే ఆ నీటి దెబ్బకు కప్లింగ్ ఊడి మనిషి ప్రాణానికే ప్రమాదం. తెరవడమైనా మూయడమైనా నెమ్మదిగానే.

నీటి వేడి సంగతి చాలామంది పట్టించుకోరు. చెరువు నీరు అక్టోబర్‌లో 8 డిగ్రీలు ఉండటం మామూలే. కూలింగ్ టవర్‌తో 2 డిగ్రీలకు దించితే కిలోకు 25 కిలోజౌళ్లు గన్‌కు ముందే పోతాయి, తుంపర వదలాల్సిన వేడిలో 7 శాతం తగ్గుతుంది. మైనస్ 9లో ఈ 7 శాతం ఎవరికీ కనపడదు. మైనస్ 3లో మాత్రం తడిమంచుకూ మంచి మంచుకూ మధ్య ఉండే తేడా అదే.

శుభ్రమైన కొండ నీటిలో మరో చిక్కు ఉంది. గడ్డకట్టడం మొదలవ్వాలంటే తుంపరలో ఏదో ఒక కేంద్రకం ఉండాలి. ఏమీ లేని స్వచ్ఛమైన సూక్ష్మ బిందువు మైనస్ 38 దాకా నీరుగానే ఉండిపోగలదు. అందుకే ఫ్యాన్ గన్ అంచున చిన్న నాజిల్‌లలో సంపీడన గాలి, నీరు కలిపి ఐస్ రేణువులు పుట్టించి పెద్ద తుంపరలోకి వదులుతారు. సూడోమోనాస్ సిరింగే అనే బ్యాక్టీరియా ప్రోటీన్‌తో చేసిన స్నోమ్యాక్స్ లాంటి పొడి కూడా ఇదే పని చేస్తుంది. అంచు ఉష్ణోగ్రతల్లో దాని ఉపయోగం ఎక్కువ, బాగా చల్లటి రాత్రి తక్కువ.

ఐదు రాత్రులు, ఆపై ఒక ఫ్రంట్

లెక్కకు తీసుకున్న క్రమం అక్టోబర్‌లో ఫ్రంట్ రేంజ్ మీద పరిచితమైనదే: వాయవ్యం నుంచి చల్లని ఫ్రంట్ (ముంచుకొచ్చే చల్లగాలి అంచు), తర్వాత నిర్మలమైన ఆకాశం, తర్వాత అధిక పీడనంతో వేడి.

మొదటి రాత్రి మబ్బు, పొగమంచు, గాలి మైనస్ 1, తేమ 90. గన్‌లు ఆగే ఉంటాయి. 12 సెంటీమీటర్ల సహజ మంచు పడింది. అందరూ సంతోషిస్తారు గానీ దాన్ని అలాగే వదిలేస్తే దుప్పటిలా నేల వేడిని పట్టి ఉంచి అడుగు నుంచి కరుగుతుంది. వెంటనే స్నో క్యాట్‌తో (మంచు మీద నడిచే పట్టాల బండి) తొక్కించి పల్చగా, గట్టిగా చేయాలి. అప్పుడే కింది నేల చల్లబడుతుంది.

రెండో రాత్రి ఆకాశం తేరుకుంది. మైనస్ 4, తేమ 60, వెట్ బల్బ్ మైనస్ 6.4. మంచి అంకెలే, కానీ గాలి సెకనుకు 7 మీటర్లు. ట్రయల్‌కు అడ్డంగా వీచేచోట 3 గన్‌లు ఆపేయాల్సిందే. 9 గన్‌లు, గంటకు 14 చొప్పున 10 గంటలు: 1,260 ఘనపు మీటర్లు.

మూడో రాత్రి అసలైన పాఠం. గాలి నిలిచిపోయింది, చల్లగాలి లోయలోకి జారి అడుగున చేరింది. అడుగున మైనస్ 8, తేమ 85. నడుమ వాలు మీద మైనస్ 3, తేమ 40. థర్మామీటర్‌ను నమ్మేవాళ్లు పై గన్‌లను ఆపి కిందివే తిప్పుతారు. వెట్ బల్బ్ చూస్తే అడుగున మైనస్ 8.7, నడుమ మైనస్ 6.8. ఉష్ణోగ్రతలో 5 డిగ్రీల తేడా, పనిలో 2 డిగ్రీలు కూడా లేదు. కింద 4 గన్‌లు 18 చొప్పున, పైన 8 గన్‌లు 15 చొప్పున, 12 గంటలు: 2,304 ఘనపు మీటర్లు. కింది గన్‌లతో జాగ్రత్త ఒకటుంది. కదలని గాలిలో అవి చిమ్మే తేమ అక్కడే పేరుకుని, తెల్లవారుజాముకు చుట్టూ పొగమంచు కడుతుంది. వాతావరణ కేంద్రం అంకె బాగానే ఉన్నా గన్ దగ్గర మంచు తడిసిపోతుంది. కాబట్టి తేమ సెన్సర్ పంప్ హౌస్ గోడ మీద ఒకటి ఉంటే చాలదు. అడుగున, నడుమ, పైన మూడు చోట్లా కావాలి, గన్ తుంపర పడనంత దూరంలో.

నాలుగో రాత్రి ప్లస్ 1, తేమ 35, వెట్ బల్బ్ మైనస్ 4. 12 గన్‌లు, 8 చొప్పున 8 గంటలు: 768. ఐదో రాత్రి ప్లస్ 5, తేమ 30, వెట్ బల్బ్ మైనస్ 1.5 దగ్గరే ఆగిపోయింది. ఆపేయడమే. మొత్తం 4,332, అవసరంలో సగం కూడా కాలేదు.

మరో ఐదు రోజులకు రెండో ఫ్రంట్. మైనస్ 7, తేమ 65, వెట్ బల్బ్ మైనస్ 8.8. మబ్బు, పైగా ఉత్తరపు వాలు కాబట్టి పగలు కూడా ఆపనక్కర్లేదు. 12 గన్‌లు, 19 చొప్పున 20 గంటలు: 4,560. అన్నీ కలిపి 50 గంటల్లో 8,892 ఘనపు మీటర్లు, అందులో సగానికి పైగా ఆఖరి 20 గంటల్లోనే.

ఇక్కడే పంపు పరిమాణం తేలుతుంది. ఆఖరి గంటల్లో గన్‌లు గంటకు 228 ఘనపు మీటర్లు తాగాయి, సెకనుకు 63 లీటర్లు. పంపు 40 లీటర్లదే అయితే గంటకు 144 దాటదు. మూడో రాత్రి 576, ఆఖరి విడతలో 1,680, మొత్తం 2,256 ఘనపు మీటర్లు చేజారతాయి. దాంతో తెరిచే రోజు తర్వాతి ఫ్రంట్‌కు వాయిదా పడుతుంది. సగటు రాత్రి చూసి పంపు కొనడం సీజన్ మొదటి నెలలో చాలా ఖరీదైన పొదుపు. ఎన్నో సగటు రాత్రుల పని ఒక మంచి రాత్రే చేస్తుంది, ఆ రాత్రికి సరిపడే పంపే కావాలి.

చెరువుకూ ఇదే వర్తిస్తుంది. 3,000 ఘనపు మీటర్ల చెరువు, వాగు నుంచి గంటకు 60 వచ్చి చేరుతుంటే 20 గంటలకు అందేది 4,200, కావాల్సింది 4,560. రెండు ఫ్రంట్‌ల మధ్య ఐదు రోజులు చెరువు నిండటానికి సరిపోతాయి, కానీ నిండు చెరువుతో మొదలుపెట్టినా 360 తక్కువ పడుతుంది. వాగు నుంచి ఎక్కువ లాగుదామంటే కుదరదు. శరదృతువు చివర, శీతకాలంలో కొండవాగుల్లో ప్రవాహం తగ్గుతుంది. కొలరాడోలో నీటి హక్కులు ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో నడుస్తాయి, వాగులో ఉండాల్సిన కనీస ప్రవాహానికి కూడా హక్కులుంటాయి. కాబట్టి చెరువును పెద్దది చేయడమే దారి.

కరెంటు లెక్క కూడా అటే మొగ్గుతుంది. ఒక్కో గన్‌కు 22 కిలోవాట్‌లు అనుకుంటే ఆఖరి విడతలో ఘనపు మీటరు నీటికి 3.2 యూనిట్లు పడతాయి. నాలుగో రాత్రి 4.8. మైనస్ 2.5 దగ్గర తిప్పితే 7.5. తక్కువ ప్రవాహంలో పంపు సామర్థ్యం కూడా పడిపోతుంది కనుక అసలు ఖర్చు ఇంకా ఎక్కువే.

కుప్పలోనే ఉంచాలి

నాలుగో రాత్రి తర్వాత అందరికీ ఒకే కోరిక కలుగుతుంది: ఉన్న మంచును పరిచేసి కొండ తెల్లగా కనపడేలా చేయాలని. ఆ ఐదు వేడి రోజుల్లో అది ఎంత నష్టమో చూడండి. అప్పటికి నేల మీద నిలిచిన నీరు 3,682 ఘనపు మీటర్లు, గన్‌కు ఒకటి చొప్పున 12 కుప్పలు. ఒక్కో కుప్ప 11 మీటర్ల వ్యాసార్ధం, 5.4 మీటర్ల ఎత్తు గల శంకువు అనుకుంటే ఎండకూ గాలికీ తగిలే పైభాగం 423 చదరపు మీటర్లు. పైనుంచి రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు కరిగిపోతుందనుకుంటే కుప్పలన్నీ కలిపి రోజుకు 51 ఘనపు మీటర్లు, ఐదు రోజులకు 255. అదే మంచును 36,000 చదరపు మీటర్ల మీద పరిస్తే రోజుకు 360, ఐదు రోజులకు 1,800. తయారైన మంచులో సగం అలా కరిగి పోతుంది.

కుప్పల్లో ఉంచితే ఆఖరికి నిలిచేది 7,303 ఘనపు మీటర్ల నీరు. ట్రయల్‌కు కావాల్సింది 7,290. ర్యాంపులకు ఏమీ మిగలదు. మందం తగ్గించడం కంటే వెడల్పును 27 మీటర్లకు తగ్గించడం మేలు. 1,620 ఘనపు మీటర్ల మంచు చేతికి వస్తుంది, అది ర్యాంపులకూ, వాలు విరిగే (ఒక్కసారిగా నిటారయ్యే) చోట్లకూ పోవాలి. ఒకే ట్రయల్ తెరిచినప్పుడు జనమంతా అక్కడే దిగుతారు. వాలు విరిగే అంచుల్లో మంచు గీసుకుపోయి మధ్యాహ్నానికే మట్టి బయటపడుతుంది. అక్కడ 60 సెంటీమీటర్లు ఉండాలి, చదును చోట 35 అయినా నడుస్తుంది.

కుప్ప పూర్తయిన వెంటనే నెట్టకూడదు. లోపల గడ్డకట్టని నీరు ఇంకా ఉంటుంది. కనీసం 24 గంటలు వదిలితే కొంత కారిపోతుంది, కొంత గడ్డకడుతుంది. తొందరపడి నెడితే తడి గుండె బయటపడి, రాత్రి చలికి పలకలు పలకలుగా ఐస్ కడుతుంది. తర్వాత స్నో క్యాట్ వెనక ఉండే టిల్లర్ (మంచును చిదిపే పళ్ల రోలర్) ఎన్నిసార్లు తిప్పినా ఆ పలకలు ముక్కలవుతాయే గానీ మంచు కావు. పరిచాక, ఆఖరి గ్రూమింగ్ (మంచును చదును చేయడం) తర్వాత రాత్రి కొన్ని గంటలైనా కదపకుండా వదిలితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి.

ఏది చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువ మంచును పాడుచేసేది అంచు దగ్గర మొండితనం. వెట్ బల్బ్ మైనస్ 2కు పెరిగినా ఇంకో గంట చూద్దామని నీరు తగ్గించకుండా తిప్పితే, అంతకుముందు కట్టిన మంచి కుప్ప మీద నీళ్లు పోసినట్టే. పరీక్ష సులువు. గన్ ముందు 15 నుంచి 20 మీటర్ల దూరంలో చెయ్యి చాపి జాకెట్ చేతి మీద పడేది చూడాలి. రేణువులు తగిలి ఎగిరి పడితే పొడిగా ఉంది, నీరు పెంచొచ్చు. అంటుకుని మెల్లగా రాలితే తొలి పొరకు పనికొస్తుంది. బట్ట తడిస్తే నీరు తగ్గించాలి, తగ్గించే మెట్టు ఇక లేకపోతే ఆపాలి. ఆటోమేటిక్ వ్యవస్థ ఉన్నా గంటకోసారి మనిషి వెళ్లి ఈ పరీక్ష చేయాల్సిందే, నాజిల్ సగం మూసుకుపోయిన సంగతి తెరమీద కనపడదు.

నాజిల్ మూసుకుపోవడానికి కారణం సాధారణంగా చెరువు నాచు, ఒండ్రు. పంప్ హౌస్‌లో 200 నుంచి 300 మైక్రాన్‌ల ఫిల్టర్, గన్‌లో మరో జల్లెడ ఉండాలి. సీజన్ మొదటి రాత్రి గన్‌లు తగిలించే ముందు పైపును పై హైడ్రెంట్ నుంచి కింది వరకు నీటితో కడిగేయాలి. వేసవిలో పేరుకున్న తుప్పు అంతా ఆ మొదటి గంటలోనే వస్తుంది.

ఆపేటప్పుడు చేసే తప్పు మర్నాటి రాత్రిని తినేస్తుంది. హైడ్రెంట్ మూశాక అందులోని నీరు కారిపోయే రంధ్రం పనిచేస్తోందో లేదో చూడాలి. గొట్టాన్ని వెంటనే విప్పి, వాలు మీద పొడవుగా పరిచి నీరంతా పోయాకే చుట్టాలి. ఒక గొట్టంలో ఐస్ కడితే దాన్ని కరిగించడానికి గంట, 12 గన్‌లను చేత్తో మొదలుపెట్టడానికి ఇంకో గంట. 8 గంటల రాత్రిలో నాలుగో వంతు అక్కడే పోతుంది. ఆటోమేషన్ డబ్బు తిరిగి తెచ్చేది ఇలాంటి చిన్న రాత్రుల్లోనే, జనవరిలో కాదు.

గాలి లిఫ్ట్ వైపు తిరిగితే తుంపర తాడు మీద, పుల్లీల మీద ఐస్‌గా కడుతుంది. అలా జరిగితే లిఫ్ట్‌ను ముందు ఖాళీగా తిప్పి, ఐస్ కొట్టి, పరీక్షించాకే మనుషులను ఎక్కించాలి. గాలి ఎటు తిరిగినా ప్రమాదంలో పడేలా ఉండే గన్‌ను ముందే రెండో హైడ్రెంట్‌కు మార్చిపెట్టుకోవడం మేలు, అర్ధరాత్రి 300 కిలోలకు పైగా బరువున్న యంత్రాన్ని వాలు మీద లాగడం కంటే.